తేడా ఎక్కడిది?

కామారెడ్డి చుట్టుపక్కల మెట్ట ఊళ్లలో సేద్యమంతా బోరు మీదే. మోటారు మూడు నాలుగు వందల అడుగుల లోతున, కేసింగు పైపు లోపల, నీళ్లలో మునిగి ఉంటుంది. రైతు కంటికి ఆనేది గట్టు మీది స్టార్టర్ డబ్బా ఒక్కటే. అందులో ఒక వోల్టు మీటరు, ఒక అమ్మీటరు, ఒక ఓవర్‌లోడ్ రిలే. కింద ఏం జరుగుతోందో ఆ రెండు ముళ్లను చూసి ఊహించుకోవాలి. ధార సన్నబడింది. నీటిమట్టం పడిపోయిందా, పంపు లోపలి చక్రాలు అరిగాయా, కేబుల్ జాయింటు పాడైందా, వైండింగులో రెండు చుట్లు ఒకదానికొకటి తగిలాయా? బోరు ఎత్తితే గాని తెలియదు. ఎత్తడమంటే కూలీలు, బండి, ఒక పూట పని. తీరా పైకి తీశాక మోటారులో ఏ లోపమూ లేదని తేలితే ఆ ఖర్చంతా దండగ.

రిలేకు ఆంపియర్లు తప్ప ఇంకేమీ తెలియవు. వోల్టేజీ పడిపోయిన సాయంత్రం అదే నీళ్లు తోడడానికి మోటారు ఎక్కువ ఆంపియర్లు గుంజుతుంది. బేరింగు పట్టేసిన రోజున కూడా ఎక్కువే గుంజుతుంది. రిలే దృష్టిలో రెండూ ఒకటే. సెట్టింగు తగ్గించి పెడితే ఉత్త పుణ్యానికి ట్రిప్పవుతుంది, రైతు విసిగిపోయి రిలేను తప్పించి డైరెక్టు కలుపుకుంటాడు. పెంచి పెడితే మోటారు కాలుతుంది. గంటల లెక్కన కరెంటు ఇచ్చిన రోజుల్లో ఊరూరా వెలిసిన ఆటోస్టార్టర్లదీ ఇదే గుడ్డితనం. కరెంటు వచ్చిందంటే మోటారును ఎక్కించేస్తాయి, కింద నీళ్లున్నాయో లేదో వాటికి పట్టదు. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో సేద్యానికి 24 గంటల కరెంటు ఇస్తున్నప్పుడు వాటిని తీసేయాలని ప్రభుత్వం పనిగట్టుకొని ప్రచారం చేయాల్సి వచ్చింది.

కొలత మారితే ఆ మార్పు న్యాయమైనదా, లోపం వల్ల వచ్చినదా? కంట్రోల్ ఇంజినీర్లు ఈ ప్రశ్నతో దాదాపు అరవై ఏళ్లుగా కుస్తీ పడుతున్నారు. వాళ్లది బోరు మోటారు కాదు, విమానం. కానీ చిక్కు అదే. కనబడే రెండు మూడు కొలతలను బట్టి కనబడని లోపాన్ని పట్టాలి. అది ఉందా లేదా అన్నదే కాదు, ఎంత ఉందో చెప్పాలి. పైగా యంత్రం తీరే ఘడియ ఘడియకూ మారుతుంటుంది.

కథ 1960లో మొదలవుతుంది. బుడాపెస్ట్‌లో పుట్టి అమెరికా చేరిన రుడాల్ఫ్ కాల్మన్ అప్పుడు బాల్టిమోర్‌లో పనిచేస్తున్నాడు. చెదురుమదురు కొలతల నుంచి వ్యవస్థ లోపలి స్థితిని అంచనా కట్టే పద్ధతిని ఆ ఏడు అచ్చేశాడు. అది అచ్చయింది ఎలక్ట్రికల్ వాళ్ల పత్రికలో కాదు, మెకానికల్ ఇంజినీర్ల పత్రికలో. నాసా ఏమ్స్ కేంద్రంలో స్టాన్లీ ష్మిట్ దాన్ని అందుకుని చంద్రయానం లెక్కలకు మలచడంతో కాల్మన్ ఫిల్టరుగా దాని పేరు జగమెరిగింది. కాల్మన్ పద్ధతికి కొలతల్లో ఎంత గోల (నాయిస్) ఉందో, దాని స్వభావమేమిటో ముందే తెలిసి ఉండాలి. మూడేళ్ల తర్వాత స్టాన్‌ఫర్డ్‌లో డేవిడ్ లూయెన్‌బర్గర్ అనే పరిశోధక విద్యార్థి ఆ షరతును పక్కన పెట్టేసి ఇంకా తేలిక దారి వేశాడు. 1964లో ఆ వ్యాసం సైనిక ఎలక్ట్రానిక్స్ పత్రికలో వచ్చింది. అబ్జర్వర్ అనే మాట ఆ వ్యాసంతోనే ఊరేగింది. ఈయన తర్వాత పెట్టుబడుల శాస్త్రం వైపు మళ్లాడు. 1998లో వచ్చిన ఆయన ఫైనాన్సు పాఠ్యపుస్తకం చదివే పిల్లల్లో చాలామందికి ఈ పాత కథ తెలియదు.

లూయెన్‌బర్గర్ చెప్పింది మన మోటారు మీదే చూద్దాం. మోటారు నడిచే తీరును సమీకరణాలుగా రాసి కంప్యూటర్లో దాని నకలును నడపండి. అసలు మోటారుకు అందే వోల్టేజీనే నకలుకూ ఇవ్వండి. నకలు ఇన్ని ఆంపియర్లు రావాలంటుంది, మీటరు ఇన్ని వచ్చాయంటుంది. ఆ రెంటి తేడాను ఒక గుణకంతో హెచ్చించి నకలుకు తిరిగి అందించండి. గుణకాన్ని సరిగా ఎంచుకుంటే, నకలును ఎంత తప్పు అంచనాతో మొదలుపెట్టినా కాసేపటికి అది అసలు మోటారు వెంట పడి దానితోపాటే నడుస్తుంది. ఇలా దిద్దుకుంటూ నడిచే నకలే అబ్జర్వర్. అప్పుడు రోటరు లోపలి అయస్కాంత ప్రవాహం లాంటివి, మీటరు పెట్టి కొలవడం కుదరనివి, నకలులోంచి చదువుకోవచ్చు. అన్నీ ఇలా తెలిసిపోవు. లోపలి కదలిక ఏదో రూపంలో బయటి కొలతకు తగలాలి. తగలకపోతే ఏ గుణకమూ పనికిరాదు. ఆ షరతును గణితంలో కచ్చితంగా పెట్టింది కూడా కాల్మనే.

ఇక్కడిదాకా అందరి చూపూ స్థితి మీదే. అసలుకూ నకలుకూ మధ్య మిగిలే తేడా వాళ్లకు చీదర. ఎంత తొందరగా సున్నా అయితే అంత మంచిది. నా దృష్టిలో ఈ కథ మలుపు తిరిగింది ఆ తేడాను పారేయకుండా చేతిలోకి తీసుకుని చూసినప్పుడే. 1971లో రామన్ మెహ్రా, పెషాన్ అన్నవాళ్లు ఇలా వాదించారు: యంత్రం సవ్యంగా ఉన్నంతకాలం కాల్మన్ ఫిల్టరులో మిగిలే తేడాకు ఒక పద్ధతంటూ ఉండదు. అందులో పద్ధతి కనబడిందంటే లోపల ఏదో చెడినట్టే. అదే ఏడు ఎంఐటీలో రిచర్డ్ బియర్డ్ పీహెచ్‌డీ సిద్ధాంత వ్యాసం సమర్పించాడు. ఆయన గుణకాన్ని ఎంచుకున్న ఉద్దేశమే వేరు. నకలు త్వరగా అసలును అందుకోవాలన్నది ఆయనకు రెండో మాట. ఫలానా మోటారు చెడితే తేడా ఫలానా దిక్కుకే పోవాలి, ఫలానా మీటరు చెడితే ఇంకో దిక్కుకు పోవాలి. అలా పోయేట్టు గుణకాన్ని బిగించాడు. తేడా ఎంత పెద్దదని కాకుండా ఎటు మొగ్గిందని చూస్తే చెడినదేదో తెలుస్తుంది. 1973లో అక్కడే హెరాల్డ్ జోన్స్ ఈ పనిని ఇంకా ముందుకు నడిపాడు.

వాళ్లకు ఇంత తొందర ఎందుకంటే, విమానాలను తీగలతో, కంప్యూటర్లతో నడిపే కాలం వచ్చిపడింది. 1972 మేలో నాసా తన ఎఫ్-8 విమానాన్ని డిజిటల్ కంప్యూటర్ అదుపులో ఎగరేసింది. ఇలాంటి విమానంలో ఒక సెన్సరు అబద్ధం చెబితే పైలెట్ ప్రాణం పోతుంది. అప్పటిదాకా తెలిసిన మందు ఒకే చోట మూడు సెన్సర్లు పెట్టి ఎక్కువమంది మాట వినడం. మూడు పెడితే బరువు మూడింతలు, ఖర్చు మూడింతలు. రెండే పెట్టి, రెండూ పోట్లాడుకున్నప్పుడు సమీకరణాలను మూడో సాక్షిగా పిలిస్తే పోలేదా? ఎఫ్-8 కోసం ఈ పని చేసిన బృందం 1977లో ఫలితాలు అచ్చేసింది. అందులో ముకుంద్ దేశాయ్ ఒకరు, అంతకు ఏడాది ముందే ఈ రంగం మొత్తాన్ని సమీక్షిస్తూ పెద్ద వ్యాసం రాసిన అలన్ విల్‌స్కీ ఇంకొకరు.

ఇక బెంగళూరుకు వద్దాం. 1980లో ఐఈఈఈ వారి ఆటోమేటిక్ కంట్రోల్ పత్రికలో మూడే పేజీల చిన్న వ్యాసం ఒకటి వచ్చింది. రాసినవాళ్లు పి. కుద్వా, నూకల విశ్వనాధం, ఎ. రామకృష్ణ. విశ్వనాధం అప్పట్లో బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ ప్రొఫెసర్. వ్యాసం విషయం: వ్యవస్థలోకి వచ్చే ఇన్‌పుట్లలో కొన్ని మనం కొలవలేనివి, ఎప్పుడెలా వస్తాయో ఊహకు కూడా అందనివి. అయినా స్థితిని సరిగా అంచనా కట్టే అబ్జర్వర్‌ను కట్టవచ్చా? కట్టవచ్చు, కొన్ని షరతులకు లోబడి. ఆ షరతులను వాళ్లు తేటగా రాసిపెట్టారు. నలభై ఏళ్లు దాటినా లోపాల అంచనా మీద రాసే వ్యాసాల్లో ఆ మూడు పేజీల ప్రస్తావన తగులుతూనే ఉంటుంది.

ఈ తెలియని ఇన్‌పుట్ చిక్కును అర్థం చేసుకోవడానికి కామారెడ్డి జిల్లా ఎల్లారెడ్డి పక్కనే ఉన్న పోచారం చెరువు చాలు. 1916లో మొదలుపెట్టి 1922లో పూర్తిచేసిన నిజాం కాలపు కట్ట. మంజీరలో కలిసే వాగుకు అడ్డంగా కట్టారు. దాని కింద నాగిరెడ్డిపేట, ఎల్లారెడ్డి మండలాల పొలాలు పారుతాయి. వానాకాలంలో పత్రికల్లో ప్రాజెక్టుల ఇన్‌ఫ్లో ఇన్ని క్యూసెక్కులని రోజూ వస్తుంది కదా, ఆ అంకెను చాలా చోట్ల ఎవరూ వాగులో దిగి కొలవరు. మట్టం ఎంత పెరిగిందో గేజీ చూసి, మట్టానికీ నిల్వకూ ఉన్న పట్టిక విప్పి, నిల్వ ఎంత పెరిగిందో లెక్కగట్టి, బయటికి వదిలినది దానికి కలుపుతారు. అంటే ఇన్‌ఫ్లో కొలత కాదు, అంచనా. తెలియని ఇన్‌పుట్‌ను దాని ఫలితం నుంచి వెనక్కి లెక్కించడం. 2025 ఆగస్టు ఆఖరులో కామారెడ్డి జిల్లాను వాన ముంచెత్తినప్పుడు భిక్నూరు, తలమడ్ల మధ్య రైలు కట్ట కొట్టుకుపోయింది, పోచారం మీంచి నీరు పొర్లి కట్ట పక్కన పెద్ద కోత పడింది. అలాంటి రాత్రి వాగు దగ్గర నిలబడి ప్రవాహాన్ని కొలిచేవాడెవడు? వెనక్కి లెక్క ఒక్కటే దిక్కు.

ఈ వెనక్కి లెక్కలో ఒక ముల్లు ఉంది. చదరపు కిలోమీటరు నీటి విస్తీర్ణంలో గేజీ చదవడంలో ఒక్క సెంటీమీటరు అటూ ఇటూ అయితే పదివేల ఘనపు మీటర్ల తేడా వస్తుంది. గంటకోసారి చదివే లెక్కలో అది దాదాపు 98 క్యూసెక్కులు. విస్తీర్ణం పది చదరపు కిలోమీటర్లయితే దాదాపు వెయ్యి. అల ఒకటి గేజీకి కొట్టుకుంటే లేని వరద కాగితం మీదికి వస్తుంది. నేరుగా తీసివేతలు చేస్తే చిన్న పొరపాటు భూతమవుతుందన్న మాట. అబ్జర్వర్ ఉపయోగం ఇక్కడే. అది తీసివేతకు బదులు నకలును నడుపుతూ, తేడాను కొద్దికొద్దిగా మింగుతూ, తెలియని ఇన్‌పుట్ మీద నిదానంగా ఒక అభిప్రాయానికి వస్తుంది. ఎంత నిదానమన్నది గుణకంతో తేల్చుకోవాల్సిన బేరం. త్వరగా కావాలంటే గోల ఎక్కువ, గోల తగ్గాలంటే ఆలస్యం. ఈ బేరం నుంచి ఇంతవరకూ ఎవరూ తప్పించుకోలేదు, గణితం తప్పించుకోనివ్వదు కూడా.

బెంగళూరు వాళ్లు పెట్టిన షరతుల్లో ముఖ్యమైనది మామూలు మాటల్లో ఇంతే: తెలియనివి ఎన్ని ఉన్నాయో కనీసం అన్ని వేర్వేరు కొలతలుండాలి, ప్రతి తెలియని దాని దెబ్బా ఆ కొలతల్లో దాపరికం లేకుండా వెంటనే తగలాలి. 1987లో విశ్వనాధం, ఆర్. శ్రీచందర్ కలిసి ఈ అబ్జర్వర్‌నే లోపాలు పట్టడానికి వాడారు. గాలి కుదుపు, బరువు మార్పు లాంటి పనికిరాని తెలియనివాటికి చెవిటిదిగా, లోపానికి మాత్రం మేలుకునేదిగా దాన్ని తయారుచేయవచ్చని చూపారు. ఆ ఏడే విశ్వనాధం, వి.వి.ఎస్. శర్మ, ఎం.జి. సింగ్ కలిసి కంప్యూటర్, కంట్రోల్ వ్యవస్థల నమ్మకం మీద ఒక పుస్తకం తెచ్చారు. అంతకుముందే, 1982లో, గుంటూరులో పుట్టిన మాతుకుమల్లి విద్యాసాగర్‌తో కలిసి విశ్వనాధం మరో దిక్కు నుంచి ఈ సమస్యనే తట్టారు: రెండు కంట్రోలర్లలో ఏ ఒక్కటి చచ్చినా వ్యవస్థ తూలకుండా ఉండేట్టు రెంటినీ ముందే ఎలా కట్టాలి? విద్యాసాగర్ తర్వాత బెంగళూరులో రక్షణ పరిశోధన సంస్థ వారి కృత్రిమ మేధ కేంద్రాన్ని నడిపారు, హైదరాబాదులో ఐఐటీకి వచ్చారు, 2012లో రాయల్ సొసైటీ ఫెలో అయ్యారు. విశ్వనాధం తయారీ రంగం, సరుకుల సరఫరా గొలుసుల వైపు మళ్లి కొన్నేళ్లు హైదరాబాదు బిజినెస్ స్కూల్లో ఉన్నారు. ఈ రంగం గురించి మన పత్రికల్లో రాసేటప్పుడు కాల్మన్ దగ్గర మొదలై అమెరికాలోనే ముగించేయడం చూస్తుంటాను. 1980 నాటి ఆ మూడు పేజీలను వదిలేస్తే కథలో మధ్య మెట్టు పోయినట్టే.

లోపం ఉందని చెప్పడం పోలీసు పని. ఎంత ఉందో చెప్పడం వైద్యుడి పని. 1990ల దాకా ఎక్కువ పని మొదటి రకంది. తేడా ఒక గీత దాటితే గంట మోగుతుంది, అంతే. విమానం రెక్క మీది పలక ఇరుక్కుందని తెలిస్తే సరిపోదు, ఎన్ని డిగ్రీల దగ్గర ఇరుక్కుందో తెలిస్తేనే మిగతా పలకలతో సర్దుకోవచ్చు. అందరికంటే ముందు తట్టిన ఉపాయం సూటిదే. లోపాన్నే ఇంకో లోపలి స్థితిగా లెక్కలో చేర్చేసి, దాన్నీ అబ్జర్వర్ చేతే అంచనా కట్టించడం. 1996లో వాంగ్, డేలీ అన్నవాళ్లు, తేడాను చూస్తూ లోపం అంచనాను తనంతట తానే దిద్దుకుంటూ పోయే అబ్జర్వర్‌ను ప్రతిపాదించారు. లోపం మెల్లగా పెరిగేదయితే ఇది బాగా పనిచేస్తుంది. ఒక్కసారిగా విరిగే వాటితో తంటా.

రెండో ఉపాయం మాస్కో నుంచి వచ్చింది. వదిమ్ ఉట్కిన్, ఆయన తోటివాళ్లు సోవియట్ రోజుల్లోనే స్లైడింగ్ మోడ్ అనే మొరటు పద్ధతిని పెంచి పోషించారు. కొద్దికొద్దిగా దిద్దడం అందులో లేదు. తేడా సున్నాకు అటు పోతే పూర్తి బలంతో ఇటు కొట్టడం, ఇటు పోతే అటు కొట్టడం. నకలు ఎటూ జారలేక గీత మీదే నడుస్తుంది. 2000లో క్రిస్ ఎడ్వర్డ్స్, సారా స్పర్జన్, రాన్ ప్యాటన్ ఇందులోంచి ఒక చక్కని సంగతి లాగారు. నకలును గీత మీద నిలపడానికి కొట్టిన దెబ్బల సగటు ఎంతో చూడండి. యంత్రంలో లోపం ఎంత ఉందో ఆ సగటే చెబుతుంది. అప్పటిదాకా స్లైడింగ్ మోడ్ అంటే టకటకలాడే స్విచ్చులని ఇంజినీర్లు జంకేవాళ్లు. అబ్జర్వర్‌లో స్విచ్చులు కంప్యూటర్ లోపలే కదా ఉండేది, ఏ గేరూ అరగదు. ఈ కథలో నాకు అన్నిటికంటే నచ్చిన ఘట్టం ఇదే. మొరటుదని పక్కన పెట్టిన పనిముట్టుకు తగిన చోటు దొరికింది.

ఇంతా చేశాక అసలు తలనొప్పి మిగిలే ఉంది. నకలు ఎప్పుడూ ఒకేలా ఉంటే సరిపోదు, ఎందుకంటే అసలు ఒకేలా ఉండదు. మోటారు వైండింగు రాగిదే అనుకుందాం. రాగి నిరోధం డిగ్రీ సెల్సియస్‌కు సుమారు 0.4 శాతం పెరుగుతుంది. మోటారు యాభై డిగ్రీలు వేడెక్కితే నిరోధం దాదాపు ఐదో వంతు పెరిగిపోతుంది. చల్లని మోటారు లెక్కతో తయారైన నకలు, వేడెక్కిన మోటారు పక్కన నిలబడి లోపం లోపం అని అరుస్తుంది. దానికి తోడు వేగం. యాభై హెర్ట్జ్ కరెంటు మీద రెండు ధ్రువాల మోటారు నిమిషానికి మూడు వేల చుట్లకు కాస్త తక్కువగా తిరుగుతుంది. ఆ కాస్త ఎంతన్నది మోయాల్సిన నీటి బరువును బట్టి మారుతుంది. మోటారు సమీకరణాల్లో వేగం, అయస్కాంత ప్రవాహం ఒకదానితో ఒకటి గుణించుకుని కూర్చుంటాయి కాబట్టి అవి తిన్నని (లీనియర్) సమీకరణాలు కావు. కానీ వేగాన్ని తెలిసిన అంకెగా, కాలంతోపాటు మారే పరామితిగా పక్కకు తీసి పెట్టుకుంటే మిగిలినదంతా తిన్నబడుతుంది. పరామితి మారేకొద్దీ నకలూ మారుతుంది, దానితోపాటే గుణకమూ మారుతుంది.

విమానాలవాళ్లు ఈ పని ఎప్పటి నుంచో అలవాటుకొద్దీ చేస్తున్నారు. నేల దగ్గర ఒక గుణకం, ఎత్తులో ఒకటి, నెమ్మదిగా పోతే ఒకటి, వేగంగా పోతే ఒకటి, మధ్యలో అటూ ఇటూ సర్దుబాటు. 1988లో ఎంఐటీలో మైకేల్ అథాన్స్ శిష్యుడు జెఫ్ షమ్మా తన సిద్ధాంత వ్యాసంలో ఈ అలవాటును గణితం ముందు నిలబెట్టి ప్రశ్నించాడు. తేలినది ఇబ్బందికరమైన నిజం. ప్రతి వేగం దగ్గర విడివిడిగా చూస్తే అన్నీ స్థిరంగానే ఉంటాయి, అయినా వేగం చకచకా మారుతుంటే మొత్తం వ్యవస్థ అదుపు తప్పవచ్చు. ఆగి చూస్తే కనబడని ప్రమాదం కదలికలో ఉంది. మారే పరామితుల తిన్నని వ్యవస్థలు, కుదించి ఎల్‌పీవీ (లీనియర్ పారామీటర్ వేరీయింగ్) అని పిలుచుకునే చట్రం, ఆ పనిలోంచే నిలబడింది.

మరి పరామితి ఎలా మారినా అబ్జర్వర్ తప్పు దారి పట్టదని హామీ ఎలా? సాధ్యమైన వేగాలు లెక్కలేనన్ని, ఒక్కొక్కటీ పరీక్షించడం కుదరదు. దీనికి తాళంచెవి ఆప్టిమైజేషన్ గణితంలో దొరికింది. గ్వాలియర్‌లో పుట్టిన నరేంద్ర కర్మార్కర్ 1984లో బెల్ ల్యాబ్స్‌లో లీనియర్ ప్రోగ్రామింగ్‌కు కొత్త దారి చూపాడు. అదే తోవను రష్యన్లు నెస్తెరోవ్, నెమిరోవ్‌స్కీ ఇంకా విశాలం చేశారు. 1994లో స్టీఫెన్ బాయ్డ్, లారెంట్ ఎల్ గావీ, ఎరిక్ ఫెరాన్, వెంకటరమణన్ బాలకృష్ణన్ రాసిన పుస్తకం వచ్చేసరికి మాత్రికల అసమానతలను కంప్యూటర్‌కు అప్పజెప్పి జవాబు రాబట్టడం మామూలైంది. ఎల్‌పీవీలో దాని ఉపయోగం: నకలు మాత్రికలు పరామితులతో సూటిగా మారేవయితే, పరామితుల హద్దుల మూలలు మాత్రం పరీక్షిస్తే చాలు. వేగానికి కనిష్ఠం, గరిష్ఠం. వేడికి కనిష్ఠం, గరిష్ఠం. మొత్తం నాలుగు మూలలు. అసలుకూ నకలుకూ ఉన్న తేడాకు, నాలుగు చోట్లా తగ్గుతూ పోయే ఒకే ఒక కొలతను కంప్యూటర్ కనిపెట్టగలిగితే మధ్యలో ఎక్కడైనా, ఎంత వేగంగా మారినా, నకలు అసలును విడిచిపెట్టదు. ఈ హామీకి మూల్యం లేకపోలేదు. ఎన్నటికీ రాని మూలలకు కూడా భయపడి గుణకాన్ని బిగిస్తాం కాబట్టి అంచనా కాస్త మందకొడిగా తయారవుతుంది.

2004లో హంగరీకి చెందిన యోజెఫ్ బొకోర్, మినెసోటాలోని గ్యారీ బాలస్ కలిసి బియర్డ్ దిక్కుల ఆలోచనను మారే పరామితుల లోకంలోకి తెచ్చారు. తర్వాతి పదేళ్లలో హలీమ్ అల్వీ, ఎడ్వర్డ్స్, ఆంద్రెస్ మార్కోస్ స్లైడింగ్ మోడ్‌తో లోపం ఎంతో చెప్పే పద్ధతినీ ఎల్‌పీవీకి పొడిగించారు. ఈ పరిశోధకుల్లో చాలామంది తమ పద్ధతులను నిగ్గు తేల్చుకున్నది ఒక ఘోర ప్రమాదం మీద. 1992 అక్టోబర్ 4న ఎల్ ఆల్ సరుకు విమానం ఆమ్‌స్టర్‌డామ్ నుంచి లేచిన కాసేపటికే కుడి రెక్క కింది ఇంజన్లు రెండూ ఊడిపోయాయి. విమానం తిరిగి విమానాశ్రయం వైపు మళ్లుతూ ఇళ్ల మీద కూలింది. 43 మంది పోయారు. ఇంజన్లు ఊడిపోయిన సంగతి పైలెట్లకు తెలియనే తెలియదు, తమ చేతిలో ఇంకా ఎంత అదుపు మిగిలిందో తెలిసే దారీ లేదు. యూరప్ బృందాలు ఆ విమానపు నమూనాను కంప్యూటర్లో పెట్టి, డెల్ఫ్ట్‌లోని సిమ్యులేటర్లో పైలెట్లను కూర్చోబెట్టి, లోపాన్ని అంచనా కట్టి సర్దుకునే కంట్రోలర్లను నడిపి చూశాయి.

నేల మీద ఇదే గణితం కాలువల దాకా వచ్చింది. కాలువ అచ్చమైన ఎల్‌పీవీ సరుకు. ఎగువ షట్టరు ఎత్తితే ఆ నీటి అల దిగువ గేజీని తాకడానికి పట్టే సమయం స్థిరంగా ఉండదు. లోతు ఎక్కువైతే అల త్వరగా పోతుంది, తక్కువైతే ఆలస్యమవుతుంది. బార్సిలోనాలో యొలాండా బొలెయా, విసెన్స్ పుయిగ్, జొవాకిమ్ బ్లెసా ఈ ఆలస్యాన్నే ప్రవాహంతో మారే పరామితిగా రాసి కాలువకు ఎల్‌పీవీ నమూనా కట్టారు. మెల్‌బోర్న్‌లో ఎరిక్ వేయర్ బృందం ఆస్ట్రేలియా సేద్యపు కాలువల కొలతలతో ఇంకో అడుగు వేసింది. కాలువలో నీరు కారుతోందా, ఎంత కారుతోంది, ఎక్కడ కారుతోంది అన్నది గేజీల తేడాల నుంచే లెక్కగట్టే పద్ధతులు 2011 నాటికి వాళ్లు అచ్చేశారు.

ఎల్లారెడ్డికి పడమర నిజాంసాగర్ ఉంది. 1923లో మొదలై 1931లో పూర్తయింది, ఇంజినీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్ ఆధ్వర్యంలో. మంజీరను ఆపి నూట యాభై కిలోమీటర్లకు పైగా ప్రధాన కాలువ పారిస్తుంది. కట్టినప్పుడు నిల్వ సామర్థ్యం దాదాపు 30 టీఎంసీలు, ఇప్పుడు 17.8. ఈ తగ్గుదలకు కారణం పూడిక. మట్టం 1,405 అడుగులు అని గేజీ చూపినా ఆ మట్టం కింద ఎన్ని నీళ్లున్నాయన్నది ఏ కాలపు పట్టిక విప్పామన్న దాని మీద ఉంటుంది. అల గంటల్లో మారే పరామితి, పూడిక దశాబ్దాల్లో మారే పరామితి. ఈ రంగంలో ఇప్పటికీ ముడి వీడనిది ఇక్కడే. ఎల్‌పీవీ అబ్జర్వర్ పరామితి విలువను తెలిసినదిగా తీసుకుంటుంది. ఆ విలువే తప్పయితే పరామితిలోని తప్పు లోపం వేషం వేసుకుని బయటికి వస్తుంది. పాత పట్టికతో లెక్క కట్టిన ఇంజినీరుకు లేని లీకేజీ కనబడుతుంది. అందుకే ఇటీవలి పని చాలావరకు, పరామితి కొలతలో ఇంత మేరకు పొరపాటు ఉంటుందని ముందే ఒప్పుకుని, ఆ పొరపాటుకు చలించకుండా లోపానికే చలించే గుణకాల వేట.

ఉదాహరణకు రెండు గేజీల మధ్య పై దాని దగ్గర వెయ్యి క్యూసెక్కులు, కింది దాని దగ్గర తొమ్మిది వందల నలభై అనుకుందాం. అరవై పోయాయి. అందులో ఇరవై భూమిలోకి ఇంకడం. లోతు పెరిగితే ఇంకుడూ పెరుగుతుంది, అదీ పరామితే. మరో పది ఇంకా దారిలో ఉన్న అల. మిగిలిన ముప్పై మాత్రం సమీకరణాలకు లొంగదు. అబ్జర్వర్ ఆ ముప్పైని పట్టి, అది మొదలైన వేళ చెబుతుంది, గేజీలు తగినన్ని ఉంటే ఫలానా చోటుకు దగ్గరలో అని కూడా చెబుతుంది. కట్టకు పడ్డ బుంగ వల్లనా, ఎవరో రాత్రికి రాత్రి కాలువలో వేసిన మోటారు పైపు వల్లనా అంటే మాత్రం దానికి తెలియదు. రెండూ కాలువలోంచి నీళ్లు తీసేవే, రెండూ ఒకే దిక్కుకు మొగ్గే తేడాలే, బియర్డ్ గుణకం వాటిని విడదీయలేదు. విడదీయడానికి ఇంకో రకం కొలత కావాలి, లేదంటే కాలువ కాపలా చూసే లష్కర్ కట్ట మీదుగా ఆ రెండు గేజీల మధ్య నడిచి చూసిరావాలి.